టీషర్టు మీద అచ్చా, కుట్టా: విజయవాడలో చేయించిన పనిపై ఒక సమీక్ష

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పూర్తయి పాతికేళ్లయిన సందర్భంగా జరుపుకున్న ఆత్మీయ సమ్మేళనానికి మగవారికి టీషర్టులు, ఆడవారికి మంగళగిరి నూలు కుర్తాలు చేయించాలని మా బ్యాచ్ తీర్మానించింది. వాటి మీద ఉండవలసినవి మూడే మూడు: బడి చిహ్నమైన పుస్తకమూ దీపమూ, దాని చుట్టూ తెలుగులో బడి పేరు, కింద సంవత్సరం. ధరలు విచారించినప్పుడు ఒక దుకాణంవారు స్క్రీన్ ప్రింటింగ్ తప్ప మరేదీ నిలవదన్నారు. ఇంకొకరు స్క్రీన్ పాతబడిపోయింది, ఇప్పుడంతా డీటీఎఫ్, అంటే ఫిల్ము మీద ముద్రించి చొక్కాకు అంటించే పద్ధతి అన్నారు. మూడోవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా కంప్యూటర్ ఎంబ్రాయిడరీయే హుందాగా ఉంటుందన్నారు. కాస్త పరిశీలిస్తే ఎవరి దగ్గర ఏ యంత్రం ఉందో వారు దానినే సిఫారసు చేస్తున్నారని అర్థమైంది. అందుకే ఈ మూడు పనులూ ఒకే కప్పు కింద చేసే ముద్రణశాల కోసం వెతికి, విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మధ్యతరహా సంస్థకు పని అప్పగించాము. ఈ సమీక్షలో ఆ సంస్థ పనితనం గురించి కొంత, ఆ పద్ధతుల గురించి ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే దుకాణం ఎంత మంచిదైనా పద్ధతి తప్పితే పని చెడుతుంది.

ఆ సంస్థ యజమాని ధర చెప్పడానికి ముందే రెండు ప్రశ్నలు అడిగారు. "గుడ్డ ఏమిటండీ? మీవాళ్లు వీటిని ఆ ఒక్కపూట వేసుకుని బీరువాలో పెట్టేస్తారా, తర్వాత కూడా ఉతుక్కుని వేసుకుంటారా?" నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. అచ్చు ఎంతకాలం ఉంటుందన్నది ప్రధానంగా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. డిజైనులో రంగులెన్ని, అక్షరాలు ఎంత సన్నవి, మొత్తం ఎన్ని చొక్కాలు అన్నవి ఆ తర్వాత చూసుకోవలసిన సంగతులు. అయితే చాలా దుకాణాల్లో సంభాషణ ఎన్ని పీసులు అన్న ప్రశ్నతోనే మొదలై, దానితోనే ముగుస్తోంది.

గుడ్డ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ దొరికే సాదా టీషర్టుల్లో చాలా భాగం తమిళనాడులోని తిరుప్పూర్ నుంచి వస్తాయి. గుండ్రని మెడ టీషర్టుకు 180 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 180 గ్రాముల బరువున్న నూలు అల్లిక గుడ్డ సరిపోతుంది. అంతకు బాగా తక్కువైతే లోపలి బనియను కనిపిస్తుంది, అచ్చు కూడా ముడతపడుతుంది. బయోవాష్ చేసిన గుడ్డ అంటే ఎంజైములతో పైనూగు తొలగించినది. అచ్చు వేసేవారికి ఆ నునుపు చాలా అవసరం. నూగు ఉన్న గుడ్డ మీద సిరా నూగు కొసలకే పట్టి, కొన్ని ఉతుకులయ్యాక ఆ నూగు రాలిపోతే అచ్చు మాసినట్టు కనిపిస్తుంది. చాలామంది అచ్చు చెడిందని ముద్రణవారిని తిడతారు గానీ, అలాంటి చోట్ల తప్పు చాలాసార్లు గుడ్డదే.

నూలా, పాలిస్టరా అన్నది మరింత ముఖ్యం. మా బడి రంగు మెరూన్ కనుక ముందుగా మరొక పట్టణంలోని ఒక దుకాణంలో మెరూన్ టీషర్టు మీద తెల్ల అక్షరాలతో నమూనా వేయించాము. చేతికి వచ్చిన రోజున అది మల్లెపూవంత తెల్లగా ఉంది. బీరువాలో ఉంచిన కొద్ది రోజులకు, ఒక్కసారి కూడా ఉతక్కుండానే, ఆ తెలుపు లేత గులాబీ రంగుకు తిరిగింది. గుడ్డ పూర్తి నూలు అని ఆ దుకాణంవారు చెప్పారు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే అది కాగితంలా మండి బూడిద కాలేదు; కరిగి ముడుచుకుపోయి, చల్లారాక గోటితో నొక్కినా నలగని నల్లటి పూసలా మిగిలింది. ఆ పూస మిగిలిందంటే గుడ్డలో పాలిస్టర్ ఉందని అర్థం. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగులు వేడికి ఆవిరయ్యే స్వభావం కలవి. అచ్చును ఆరబెట్టడానికి పెట్టిన వేడికి గుడ్డలోని ఎరుపు పైకి లేచి తెల్ల సిరాలోకి చేరుతుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా చేరుతూనే ఉంటుంది. దీనికి విరుగుడు లేకపోలేదు: తెలుపు కింద రంగును అడ్డగించే బూడిదరంగు పూత ఒకటి వేయవచ్చు, తక్కువ వేడికి గట్టిపడే సిరా వాడవచ్చు. కానీ మొదటి విరుగుడు ముదురు రంగు పాలిస్టర్ మీద తెల్ల అచ్చు వేయించకపోవడమే. విజయవాడ సంస్థవారు ఈ మాట అడగకముందే చెప్పి, మెరూన్ కావాలంటే పూర్తి నూలు గుడ్డ తీసుకోమని, దానికి ధర పెరుగుతుందని స్పష్టంగా రాసి ఇచ్చారు.

ఇక పద్ధతుల్లోకి వస్తే, పెద్ద సంఖ్యలో చొక్కాలకు, తక్కువ రంగుల డిజైనుకు స్క్రీన్ ప్రింటింగ్‌కు సాటి వచ్చేది ఇప్పటికీ లేదన్నది నా అభిప్రాయం. చట్రానికి బిగించిన సన్నని జాలీకి ఎమల్షన్ పూసి ఆరబెట్టి, డిజైను ఉన్న ఫిల్మును దాని మీద ఉంచి వెలుతురు చూపిస్తారు. వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. డిజైను అడ్డుపడిన చోట మెత్తగానే ఉండి నీళ్లతో కడిగితే పోతుంది. ఆ తెరుచుకున్న రంధ్రాల గుండా స్క్వీజీతో, అంటే రబ్బరు అంచున్న పలకతో, సిరాను గుడ్డ మీదికి లాగుతారు. ప్రతి రంగుకూ ఒక స్క్రీన్ కావాలి, ముదురు రంగు గుడ్డ అయితే అన్నిటికంటే కింద తెల్ల పూతకు మరో స్క్రీన్ కావాలి. ఖర్చు లెక్క అంతా ఇక్కడే ఉంది. ఉదాహరణకు స్క్రీన్ ఒక్కంటికి 400 రూపాయలు అనుకుంటే, నాలుగు స్క్రీన్‌లకు 1,600 అవుతుంది. పది చొక్కాలైతే ఒక్కో చొక్కా మీద 160 రూపాయల భారం పడుతుంది. రెండు వందల చొక్కాలైతే అది 8 రూపాయలే. పది పన్నెండు చొక్కాలకు స్క్రీన్ వేయమంటే దుకాణదారులు ముఖం అదోలా పెట్టడానికి కారణం ఇదే. మనం చేయగలిగింది డిజైనులో రంగులు తగ్గించడం. మేము దీపానికి పసుపు, మిగిలినదంతా తెలుపు పెట్టి రెండు రంగులతో సరిపెట్టాము, పసుపు కిందికీ ఆ తెలుపే పూతగా పనికివచ్చింది కాబట్టి మూడో స్క్రీన్ అవసరం పడలేదు.

స్క్రీన్ ప్రింటింగ్ అనగానే అదంతా ఒకటే అనుకోకూడదు, సిరాను బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. ప్లాస్టిసాల్ అన్నది పీవీసీ ఆధారంగా చేసిన సిరా. అది గాలికి ఆరదు, సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి తగిలితేనే గట్టిపడుతుంది. ముదురు గుడ్డ మీద నిండుగా, మెరుగ్గా కనిపిస్తుంది, అయితే గుడ్డ మీద ఒక పొరలా నిలుస్తుంది. ఆ పొర అంతటా, అడుగు వరకూ, ఆ వేడి చేరాలి. యంత్రం మీద అంకె 160 చూపిస్తే చాలదు. పైపైన వేడిచేసి ఇచ్చిన అచ్చు చూడడానికి బాగానే ఉండి, తొలి ఉతుకుల్లోనే బీటలు వారుతుంది. దీన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు: అచ్చు వేసిన చోట గుడ్డను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా సాగదీసి వదలాలి. సరిగ్గా ఉడికిన అచ్చు గుడ్డతో పాటు సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఉడకనిది సన్నని గీతలుగా పగిలి, మధ్యలో గుడ్డ రంగు కనిపిస్తుంది. నేను ఈ పరీక్ష చేస్తుంటే అక్కడి పనివాడు అభ్యంతరం చెప్పకపోగా, తానే మరో రెండు చొక్కాలు తీసి సాగదీసి చూపించాడు.

నీటి ఆధారపు పిగ్మెంట్ సిరా దారి వేరు. అది బైండరు, అంటే రంగును పట్టి ఉంచే జిగురు పదార్థం, సాయంతో పోగుల్లోకి ఇంకి, వేడికి అక్కడే అతుక్కుంటుంది. చేత్తో తడిమితే అచ్చు ఉన్నట్టే తెలియదు, చెమటపట్టినా ఛాతీ మీద ఉక్కపోయదు. మే నెలలో కోస్తాలో వేసుకునే చొక్కాకు దీనికంటే సుఖమైన అచ్చు లేదు. ఇబ్బందల్లా దాని రంగు లేత గుడ్డల మీదే నిండుగా పలుకుతుంది. ముదురు గుడ్డ మీద వెలవెలబోతుంది. పైగా ఎండాకాలంలో ఆ సిరా జాలీ రంధ్రాల్లోనే ఎండిపోయి పని ఆగిపోతూ ఉంటుంది కనుక చాలామంది ముద్రణవారు దాన్ని తప్పించుకోవాలని చూస్తారు. మా మెరూన్ చొక్కాలకు ప్లాస్టిసాల్ వాడక తప్పలేదు. అయితే ఉపాధ్యాయులకు ఇచ్చిన గోధుమవన్నె చొక్కాలకు పట్టుబట్టి నీటి సిరాతో మెరూన్ అచ్చు వేయించాము. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దూరానికి మొదటిది బాగుంటుంది, ఒంటి మీద రెండోది బాగుంటుంది. నన్నడిగితే వేసుకునేవారి సుఖమే ముఖ్యం కనుక డిజైను అనుమతించినప్పుడల్లా లేత గుడ్డ, నీటి సిరా ఎంచుకోమంటాను.

డీటీఎఫ్ గురించి వినిపించే పొగడ్తల్లో కొంత నిజం ఉంది. డిజైనును ప్రత్యేకమైన ఫిల్ము మీద రంగుల్లో ముద్రించి, దాని మీద తెల్ల పొర వేసి, తడి ఆరకముందే జిగురు పొడి చల్లి కరిగిస్తారు. ఆ ఫిల్మును చొక్కా మీద ఉంచి హీట్ ప్రెస్‌లో సుమారు 150, 160 డిగ్రీల వేడితో పది పదిహేను సెకన్లు నొక్కి ఫిల్ము ఊడదీస్తే డిజైను గుడ్డకు అంటుకుంటుంది. నూలైనా పాలిస్టరైనా, తెలుపైనా నలుపైనా పని ఒకటే. స్క్రీన్ ఖర్చు లేదు, ఒక్క చొక్కా అయినా చేస్తారు, ఫొటోలు కూడా వస్తాయి. సమ్మేళనంలో పెద్దలకు బహూకరించడానికి పాత గ్రూపు ఫొటోతో ఐదారు చొక్కాలు కావలసివచ్చినప్పుడు మేమూ దీన్నే వాడాము, పని తృప్తిగా ఉంది. కానీ వీపంతా నిండే పెద్ద డిజైనును ఇందులో వేయిస్తే ఆ మేర వానకోటు తొడుక్కున్నట్టే ఉంటుంది. గాలి ఆడదు, చెమట బయటికి పోదు. కాబట్టి డీటీఎఫ్ వేయించేవారు డిజైనులో ఖాళీలు ఎక్కువగా ఉండేలా, నిండు పలకలు లేకుండా చూసుకోవాలి. అక్షరాల అంచుల్లో జిగురు పొడి మిగిలి తెల్లగా మెరిసే దుకాణాలు చాలా ఉన్నాయి. నమూనాను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ లోపం బయటపడుతుంది. సన్నని గీతలు, చుక్కలు ఉన్న డిజైనులో తొలుత ఊడేవి అవే, ఎందుకంటే జిగురు పట్టుకోవడానికి అక్కడ చోటు తక్కువ.

తక్కినవాటి గురించి రెండు మాటలు చాలు. సబ్లిమేషన్ అన్నది మా మెరూన్ నమూనాను చెడగొట్టిన గుణాన్నే పనికివచ్చేలా వాడుకునే పద్ధతి: కాగితం మీది డిస్పర్స్ రంగులు సుమారు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి చొచ్చుకుపోతాయి. తెలుపు లేదా లేత రంగు పాలిస్టర్ క్రికెట్ జెర్సీలకు, కబడ్డీ జట్లకు ఇదే సరైనది. బీటలు వారదు, ఊడదు. నూలు మీద మాత్రం నిలవదు. డీటీజీ, అంటే చొక్కానే ప్రింటరులో పెట్టి నేరుగా సిరా చల్లించే పద్ధతి, నూలు మీద ఫొటోలకు బాగుంటుంది. ముదురు గుడ్డకు ముందుగా ఒక ద్రవం చల్లి ఆరబెట్టాలి కనుక తొలి ఉతుకు వరకు ఆ చోట మరకలాగా కనిపించవచ్చు. వినైల్ కత్తిరించి అంటించేది జెర్సీల మీద ఆటగాడి పేరు, అంకె వేయడానికి సరిపోతుంది, అంతకు మించి దాని అవసరం నాకు కనిపించలేదు.

ఏ పద్ధతిలో వేయించినా తెలుగు అక్షరాలున్నప్పుడు ఒక అడ్డంకి అదనంగా ఉంటుంది. డీటీపీ పనివారిలో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లతో, పాత కోరల్‌డ్రా డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తున్నారు. మనం ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అన్న వాక్యం ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో అతికించగానే ఒత్తులు కిందికి దిగకుండా పక్కకు వచ్చి, "జిల్‌లా", "ఉన్‌నత" అన్నట్టు విడిపోతుంది. గుణింతం గుర్తులు అక్షరాన్ని వదిలి దూరంగా నిలబడతాయి. తెలుగు చదవలేని పనివాడు దాన్ని అలాగే ఫిల్ము తీస్తే స్క్రీన్ మీదికి, అక్కడి నుంచి ప్రతి చొక్కా మీదికీ ఆ తప్పు ఎక్కుతుంది. అందుకని అక్షరాలను సరిగ్గా కూర్చి, కర్వ్స్‌గా మార్చిన ఫైలునే ఇవ్వడం క్షేమం. అప్పుడు అవి ఫాంటు మీద ఆధారపడని బొమ్మలవుతాయి. ఈ విషయంలో విజయవాడ సంస్థకు నూటికి నూరు మార్కులు వేస్తాను. వారి డిజైనరు మా ఫైలును అసలు పరిమాణంలో కాగితం మీద తీసి, మాచేత చదివించి, సంతకం పెట్టించుకున్న తర్వాతే ఫిల్ముకు పంపారు.

ఎంబ్రాయిడరీలో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. మా వాళ్లలో ఎక్కువమందికి కుట్టుపని మీదే మనసు ఉండింది. దాని హుందాతనాన్ని నేను కాదనను: ఉతికినా ఇస్త్రీ చేసినా చెక్కుచెదరదు, కాలరు టీషర్టుకు ఎడమ ఛాతీ మీద కుట్టిన చిహ్నానికి ఉన్న గౌరవం అచ్చుకు రాదు. అయితే సూది గీయగల గీతకు ఒక హద్దు ఉంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో సాధారణంగా వాడే 40 నంబరు దారంతో వేసే సాటిన్ కుట్టు, అంటే దారాన్ని పక్కపక్కనే దగ్గరగా వేసి గీతను నింపే కుట్టు, ఒక మిల్లీమీటరు కంటే సన్నబడితే శుభ్రంగా రాదు. తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున్న మా గుండ్రని చిహ్నం చుట్టూ బడి పేరు రాస్తే అక్షరం ఎత్తు అయిదు మిల్లీమీటర్లకు మించలేదు. ఆంగ్ల పెద్దక్షరాలైతే ఆ ఎత్తులో చదవగలిగేలా వస్తాయి. తెలుగుకు అది చాలదు. "జిల్లా"లో లకారం కింది ఒత్తు రెండు మిల్లీమీటర్లకు కుదించుకుపోయి దారపు ముడిలా తయారైంది, "షత్"లోని షకారం లోపలి ఖాళీలు పూర్తిగా మూసుకుపోయాయి, సున్నాలు చుక్కలయ్యాయి, తలకట్లు ఒకదానికొకటి కలిసిపోయి పేరంతా ఒక గొలుసులా కనిపించింది. నమూనా కుట్టించకుండా ఏకంగా పని మొదలుపెట్టి ఉంటే చొక్కాలన్నీ అలాగే వచ్చేవి.

అక్కడి పంచింగ్ చేసే అబ్బాయి, అంటే డిజైనును కుట్లుగా మార్చే ఫైలు తయారుచేసే వ్యక్తి, దీనికి చక్కని పరిష్కారం చెప్పాడు. ఛాతీ మీద దీపమూ పుస్తకమూ సంవత్సరమూ మాత్రమే కుట్టి, బడి పేరును వీపు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించమన్నాడు. ఒకే చొక్కాకు రెండు పద్ధతులు వాడడం వల్ల ధర పెరిగినా, ఏ పద్ధతి దేనికి తగినదో అక్కడే దాన్ని వాడినట్టయింది. కాలరు చొక్కాలు అడిగినవారికి అలాగే చేయించాము. తెలుగు పేరు కుట్టించే తీరాలనుకునేవారు అక్షరం ఎత్తు కనీసం పన్నెండు మిల్లీమీటర్లు ఉండేలా, ఒత్తులు తక్కువున్న మాటలు ఎంచుకుని, లావుపాటి సాదా అక్షరాకృతితో చేయించుకోవాలని నా సలహా.

కుట్టుకు ధర వేసే పద్ధతి కూడా తెలుసుకోవాలి. రంగులతో నిమిత్తం పెద్దగా ఉండదు. వెయ్యి కుట్లకు ఇంత అని లెక్క. ఛాతీ చిహ్నానికి సాధారణంగా అయిదు వేల నుంచి పది వేల కుట్లు పడతాయి. బొమ్మ వెనుక నేలంతా దారంతో నింపితే కుట్లూ, ధరా, బరువూ మూడూ పెరుగుతాయి. చొక్కా రంగునే నేలగా వదిలేస్తే మూడూ తగ్గుతాయి. పలుచని 180 జీఎస్‌ఎం గుండ్రని మెడ టీషర్టు మీద దట్టమైన కుట్టు వేస్తే చుట్టూ గుడ్డ ముడుచుకుపోతుంది, ఎందుకంటే అల్లిక గుడ్డ సాగుతుంది, దారం సాగదు. ఆ సాగుడును ఆపడానికే వెనుక బ్యాకింగ్ పెడతారు. చింపి తీసేసే కాగితపు బ్యాకింగ్ నేత గుడ్డకు చాలు. అల్లిక గుడ్డకు కత్తిరించి వదిలే రకం, ఎప్పటికీ వెనుక ఉండిపోయేది, కావాలి. చాలా దుకాణాలు ఖర్చు తగ్గించుకోవడానికి అన్నిటికీ చింపే రకమే వాడతాయి. చొక్కాను తిరగేసి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. దారం విషయంలో రేయాన్ ఎక్కువ మెరుస్తుంది, పాలిస్టర్ ఎక్కువ మన్నుతుంది. తెల్ల దుస్తులకు బ్లీచింగ్ పెట్టే అలవాటున్న ఇళ్లకు పాలిస్టర్ దారమే మేలు.

మంగళగిరి కుర్తాల దగ్గర ఈ లెక్క కొంత మారింది. అది నేత గుడ్డ కనుక సాగదు, కుట్టుకు అనువైనదే, కానీ పలుచన. నింపుడు కుట్టు వేస్తే ఆ మేర అట్టలాగా బిగుసుకుని, మిగతా గుడ్డ జారుతున్న తీరుకు పొంతన లేకుండా ఉంటుంది. అందుకని దీపం ఆకారాన్ని గీతలుగా మాత్రమే, సాదా పరుగు కుట్టుతో, అంచు జరీ రంగుకు దగ్గరగా ఉన్న పసుపు దారంతో కుట్టించాము. మొత్తం పనిలో అందరూ మెచ్చుకున్నది ఇదే, ఖర్చు అతి తక్కువైనదీ ఇదే. ఒకరిద్దరు స్నేహితురాళ్లు మగ్గం వర్క్ చేయిద్దామని ప్రతిపాదించారు. చట్రానికి గుడ్డ బిగించి కొక్కెం సూదితో జరీ, పూసలు, కుందన్లు చేత్తో కుట్టే ఆ పని పెళ్లి జాకెట్టుకు శోభనిస్తుంది గానీ, ఒక్కో దానికి పట్టే సమయం, తర్వాత డ్రై క్లీనింగ్‌కు ఇవ్వవలసిరావడం చూస్తే అందరికీ ఒకే రీతిగా ఇచ్చే దుస్తులకు పొసగదు. మగ్గం వర్క్‌ను అనుకరించే కంప్యూటర్ డిజైన్లు కూడా ఆ దుకాణంలో చూపించారు. అవి నాకు నచ్చలేదు. చేతిపనిలోని ఎత్తుపల్లాలు యంత్రపు కుట్టులో రావు, యంత్రపు కుట్టుకు సహజమైన శుభ్రత కూడా వాటిలో లేదు.

ఇక ఆ సంస్థ లోపాల గురించి. గడువు విషయంలో వారి మాట మీద పూర్తిగా ఆధారపడకూడదు. సంక్రాంతి ముందు రోజుల్లో పని రద్దీగా ఉంటుందని ముందే చెప్పినా, ఎంబ్రాయిడరీ చొక్కాలు చెప్పిన తేదీకి అందలేదు, ఫోను చేసి అడిగితే తప్ప ఆ విషయం తెలియలేదు. కొన్ని చొక్కాల మీద పసుపు దీపం తెల్ల పూత మీద సరిగ్గా కూర్చోక, ఒక అంచున తెల్లని గీత బయటికి కనిపించింది. ఎత్తి చూపితే మారు మాట్లాడకుండా వాటిని మార్చి ఇచ్చారు, కానీ కట్టలు కట్టే ముందు వారే ఏరివేయవలసిన లోపం అది. కుట్టు వెనుక బ్యాకింగ్ అంచులు మూలలు మిగిలేలా కత్తిరించడం వల్ల చర్మానికి గీసుకుంటోందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. దాని మీద మెత్తని గుడ్డపొర ఒకటి వేడితో అంటించే సదుపాయం వారి దగ్గరే ఉంది, అడిగితేనే చేస్తారు. చిన్న సైజు చొక్కాకూ పెద్ద సైజు చొక్కాకూ చిహ్నాన్ని ఒకే కొలతలో, భుజం నుంచి ఒకే దూరంలో పెట్టడం వల్ల ఎస్ సైజులో అది చంక దగ్గరికి జరిగినట్టు కనిపించింది. సైజుల వారీగా స్థానం మార్చమని ముందే రాసి ఇవ్వడం మంచిది.

వీటిని మినహాయిస్తే పని నాణ్యత పెట్టిన డబ్బుకు తగినట్టే ఉంది. మెరూన్ చొక్కాలు బండ మీద బాది ఉతికిన ఇళ్లలోనూ, మెషీన్‌లో వేసిన ఇళ్లలోనూ ఇప్పటివరకు అచ్చు పగలలేదు. ప్లాస్టిసాల్ అచ్చు మీద నేరుగా ఇస్త్రీ పెట్టె ఆనించిన ఒక స్నేహితుడి చొక్కా మీద మాత్రం దీపం కరిగి పెట్టెకు అంటుకుంది. చొక్కాను తిరగేసి ఇస్త్రీ చేయాలన్న చీటీని సంస్థవారు ప్రతి సంచిలోనూ పెట్టి ఉన్నారు కాబట్టి ఆ తప్పు వారి ఖాతాలో వేయలేను. యాభైకి పైగా టీషర్టులు, ఒకటి రెండు రంగుల డిజైను, తెలుగు అక్షరాలు ఉన్నవారికి ఈ సంస్థ స్క్రీన్ పనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కుట్టుపనికి కూడా వెళ్లవచ్చు, గడువుకు రెండు వారాలు కలుపుకుని వెళ్లాలి. రెండు మూడు చొక్కాల డీటీఎఫ్ పనికైతే అంత దూరం వెళ్లనవసరం లేదు, ఆ పని మీ ఊళ్లోనే బాగా చేసేవారు దొరకవచ్చు.

డబ్బు పూర్తిగా చెల్లించే ముందు మీ వస్తువులు రెండు అడిగి తీసుకోండి. స్క్రీన్‌లను చాలా ముద్రణశాలలు పని అయ్యాక కడిగేసి మరో డిజైనుకు వాడతాయి, కానీ ఫిల్ములు మీ ఖర్చుతో తీసినవే కనుక ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. ఎంబ్రాయిడరీకి పంచింగ్ చార్జీ విడిగా తీసుకున్నట్టయితే పంచింగ్‌లో తయారైన డీఎస్‌టీ అనే కుట్ల ఫైలు కూడా మీదే. దాన్ని మరో ఊరిలో మరో యంత్రం మీద కూడా కుట్టించుకోవచ్చు. ఆ ఫైలులో కుట్ల స్థానాలు, దారం మార్చవలసిన చోట్లు ఉంటాయే తప్ప రంగులు ఉండవు కాబట్టి, వాడిన దారపు కంపెనీ పేరూ షేడ్ నంబర్లూ బిల్లు వెనుక రాయించుకోండి. మాకు అడిగిన వెంటనే ఇచ్చారు.